పాల లెక్క, రోజుల లెక్క

పోయిన శనివారం రాత్రి పదకొండు దాటాక ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఆయన స్నేహితుడి తమ్ముడు, కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాడు. "అక్కా, నిద్ర లేపానా?" అని అడిగి, నేను లేదనే లోపే అసలు సంగతిలోకి వచ్చేశాడు. ఖమ్మంలో వాళ్ళమ్మగారికి గర్భసంచి ఆపరేషన్. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి కనీసం నలభై రోజులు అక్కడ ఉండాలి. కెనడా పౌరసత్వానికి అప్లై చేయాలంటే ఆ దేశంలో ఉండాల్సిన రోజుల్లో అతనికి ఇంకా 52 తక్కువ. "మెడికల్ ఎమర్జెన్సీకి ఏమన్నా మినహాయింపు ఉంటుందా అక్కా? డాక్టర్ సర్టిఫికెట్ పెడితే ఆ రోజులు కలుపుతారా?"

కలపరని చెప్పాను. అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "మనుషులు కాదక్కా వీళ్ళు, లెక్కల మెషీన్లు" అన్నాడు.

అప్పటికి ఊఁ కొట్టి ఊరుకున్నాను. అర్ధరాత్రి పూట, అమ్మ ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్న పిల్లవాడితో వాదన పెట్టుకోవడం ఏం బావుంటుంది? కానీ ఆ మాట వారం రోజులుగా నన్ను వదల్లేదు. ఒకప్పుడు అచ్చం అదే మాట నేనూ అన్నాను. ఇప్పుడు అనలేకపోతున్నాను. ఆ మెషీన్ లెక్క అలాగే ఉండాలని, దాని స్థానంలో మనసున్న మనిషిని కూర్చోబెడితే మనకే ఎక్కువ నష్టమని నా నమ్మకం. ఎందుకు అలా అనుకుంటున్నానో చెప్పాలంటే నా 165 రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

ఏవి తప్పనిసరి, ఏవి నా ఇష్టం?

మేం కెనడాలో పీఆర్‌గా, అంటే శాశ్వత నివాసులుగా, దిగింది 2018 జూన్ 14న. ఆ రోజు నుంచి లెక్క మొదలు. దరఖాస్తు పెట్టే తేదీకి ముందు అయిదేళ్ళలో 1095 రోజులు ఈ నేల మీద ఉండాలి. ఎక్కడికీ కదలకుండా కూర్చుంటే మాకు 2021 జూన్ రెండో వారానికి నిండేవి. మొదటి ఏడాది క్రిస్మస్ సెలవుల్లో ఇండియా వెళ్ళొచ్చాం, 34 రోజులు పోయాయి. అది ముందే అనుకున్న ఖర్చు.

2020 మార్చి 4న నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతోపాటు మాట. మా ఊరు తణుకు దగ్గర. ఆరో తేదీ రాత్రి పాపను మా ఆయనకు అప్పజెప్పి విమానం ఎక్కాను. మూడు వారాల్లో వచ్చేస్తానని పాపకు చెప్పాను. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. మార్చి 22 అర్ధరాత్రితో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. నేను తిరిగి టొరంటోలో దిగింది ఆగస్టు 19న.

ఫారంలో ఆ ప్రయాణం నింపుతున్నప్పుడు 165 అని అంకె పడింది. పక్కనే కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. "తండ్రి అనారోగ్యం, విమానాల రద్దు" అని రాశాను. రాసినా అంకె మారదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. కారణం అడిగి మరీ పట్టించుకోకపోవడం ఏమిటని మా ఆయనతో వాదించాను. ప్రపంచమంతా మూతపడినప్పుడు ఇరుక్కుపోయిన రోజులు కూడా నా ఖాతాలో గైర్హాజరేనా అన్నాను.

ఆయన తిరిగి ఒకే ప్రశ్న వేశారు. "సరే, నువ్వే ఆఫీసరువి. ఆ 165లో ఎన్ని కలుపుతావు?"

కాగితం తీసుకుని కూర్చున్నాను. మార్చి 22 దాకా విమానాలున్నాయి. అవి నేను ఉండాలని ఉన్న రోజులు. అక్కడి నుంచి విమానాలు లేవు. కానీ ఏప్రిల్‌లో కెనడా ప్రభుత్వం తన వాళ్ళ కోసం ప్రత్యేక విమానాలు నడిపింది. అప్పటికి నాన్న నోటి నుంచి ఒక్క మాట కూడా సరిగ్గా రావడం లేదు. నేను చోటు అడగనే లేదు. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. మేలో నాన్న మొదటిసారి నా పేరు సగం పలికారు. జూన్‌లో గోడ పట్టుకుని వసారా దాకా నడిచారు. జూలైలో అమ్మకు నడుం పట్టేసింది. రేపు బయల్దేరదాం అనుకున్న ప్రతిసారీ ఇంకొక్క వారం అనుకున్నాను.

ఇందులో తప్పనిసరి రోజులు ఎన్ని? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమంటే చెప్పలేను. కొన్నిరోజులు రాలేక ఉన్నాను, కొన్నిరోజులు రాబుద్ధి కాక ఉన్నాను. చాలా రోజులు రెండూ కలిసిపోయి ఉన్నాయి. నాకే తెలియని ఆ సంగతిని ఒట్టావాలోనో ఇంకెక్కడో కూర్చున్న ఒక ఉద్యోగి నాన్న స్కానింగ్ రిపోర్టులు చూసి తేల్చాలట. "ఏప్రిల్ 20న మీరు ప్రయత్నించి ఉండొచ్చు కదా" అని ఆ మనిషి అడిగితే నేను ఏం జవాబు చెప్పేదాన్ని? అడిగినందుకు జన్మలో క్షమించేదాన్ని కాదు. అంకె మాత్రం నన్ను అలాంటివేమీ అడగలేదు. 165 తీసేసి, మిగతావి పూర్తిచేసి రమ్మంది.

నా ఆలోచన మారడం అక్కడ మొదలైంది.

మనసును తూచిన కాలం

మనం కోరుకునే ఆ 'మనసున్న' పద్ధతిని కెనడా ఇప్పటికే ఒకసారి చేసి చూసింది. 1977లో అమల్లోకి వచ్చిన చట్టం నాలుగేళ్ళలో మూడేళ్ళ 'నివాసం' ఉండాలంది. నివాసమంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. మరుసటి ఏడాదే పాపడోగియోర్గాకిస్ కేసు వచ్చింది. కెనడాలోని నోవాస్కోషియాలో స్థిరపడిన ఒక గ్రీకు యువకుడు చదువు కోసం అమెరికాలోని మసాచుసెట్స్ వెళ్ళాడు. మనిషి అక్కడున్నా అతని జీవితానికి కేంద్రం కెనడాలోనే ఉంది కాబట్టి నివాసం తెగలేదని జడ్జి థర్లో తీర్పిచ్చారు. ఎంత బావుంది కదా వినడానికి! నాకైతే ఇప్పటికీ ఆ తీర్పు న్యాయంగానే అనిపిస్తుంది.

ఆ తర్వాత జరిగింది చూడాలి. 1992లో కూ అనే అతని కేసులో జడ్జి రీడ్ ఆరు ప్రశ్నలు తయారుచేశారు. వెళ్ళడానికి ముందు ఇక్కడ ఎంతకాలం ఉన్నావు, దగ్గరివాళ్ళు ఎక్కడున్నారు, వచ్చిపోయే తీరు చూస్తే ఇంటికి వస్తున్నట్టుందా చుట్టపుచూపుగా వస్తున్నట్టుందా, ఎన్ని రోజులు లేవు, లేకపోవడం తాత్కాలికమేనా, ఇక్కడి బంధం ఇంకే దేశంతో ఉన్న బంధం కంటే గట్టిదా. 1993లో పోర్ఘసేమీ కేసులో జడ్జి మల్డూన్ ఇవన్నీ కాదన్నారు. మనిషి ఒంటితో ఇక్కడ ఉండి తీరాలి, మాల్స్‌లో, వీధి చివరి కొట్లలో, లైబ్రరీల్లో, గుళ్ళలో, చర్చిల్లో ఇక్కడివాళ్ళతో భుజాలు రాసుకుంటేనే ఈ దేశం అబ్బుతుందన్నారు. అలా ఒకే చట్టానికి మూడు కొలబద్దలు తయారయ్యాయి. ఏది వాడినా తప్పులేదనే పరిస్థితి కూడా వచ్చింది. ఇద్దరు మనుషులు ఒకే తీరుగా బతికి, ఒకే సంఖ్యలో రోజులు బయట ఉండి, వేరువేరు జడ్జిల ముందు పడితే ఒకరికి పౌరసత్వం రావొచ్చు, ఇంకొకరికి రాకపోవచ్చు.

ఆ ఆరో ప్రశ్నను నాకు నేనే వేసుకున్నాను. 2020 జూన్‌లో, నాన్న గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో నన్ను ఎవరైనా నిలబెట్టి, "నీకు ఏ దేశంతో బంధం గట్టిది?" అని అడిగి ఉంటే? నా కూతురు కెనడాలో, మిసిసాగాలోని మా ఇంట్లో ఉంది. నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. ఏ జవాబు చెప్పినా అబద్ధమే అయ్యేది. ఇలాంటి ప్రశ్నకు బాగా జవాబు చెప్పగలిగేది లాయరును పెట్టుకోగలిగినవాడు, ఇంగ్లీషులో తన బాధను అందంగా రాయగలిగినవాడు. వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసే మనిషికి ఆ విద్య ఎక్కడి నుంచి వస్తుంది?

2014లో తెచ్చిన మార్పు నివాసమంటే ఒంటితో ఉండటమేనని తేల్చేసింది. అది మంచిదే. కానీ దానితోపాటు మెలికలు కూడా పెట్టారు. 2015 జూన్ నుంచి ఆరేళ్ళలో 1460 రోజులు కావాలి, అందులో నాలుగు క్యాలెండరు సంవత్సరాలలో ఏటా కనీసం 183 రోజులు ఉండాలి. పైగా పౌరసత్వం వచ్చాక కూడా కెనడాలోనే ఉండాలనే ఉద్దేశం ఉందని ఒప్పుకోవాలి. అంకెల చట్టంలోకి మళ్ళీ మనసును లాక్కొచ్చి పెట్టారు, అదీ రాబోయే కాలపు మనసును. 2017లో ఆ ఉద్దేశం షరతు పోయింది. ఆ అక్టోబరు 11 నుంచి ఇప్పుడున్న 1095 వచ్చింది. మన వాళ్ళలో కొందరు పాస్‌పోర్టు చేతికి రాగానే టీఎన్ (కెనడా పౌరులకు అమెరికా ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద అమెరికా వెళ్ళిపోతారని, అందుకే ఆ షరతు ఉండాల్సిందని అనేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడే పుట్టినవాడు రేపు టెక్సాస్ వెళ్ళిపోతే ఎవరూ అడగరు. నన్ను మాత్రం ముందే మాట ఇవ్వమనడం ఏం న్యాయం?

ఇది కెనడా ఒక్కదాని గొడవ కూడా కాదు. మన వేములవాడ సంగతే చూడండి. జర్మన్ పౌరసత్వం తీసుకున్న చెన్నమనేని రమేష్ గారు తిరిగి భారత పౌరసత్వం కోరారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో ఉండాలన్నది నిబంధన. 2009లో పౌరసత్వం ఇచ్చారు. ఆయన నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ పన్నెండు నెలలు ఆయన నిజంగా ఇక్కడున్నారా లేదా అన్న గొడవ మాత్రం కేంద్ర హోంశాఖకూ హైకోర్టుకూ మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతూనే వచ్చింది. 2017లో ఒకసారి రద్దు, 2019లో మళ్ళీ రద్దు, చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షలు కట్టమంది. ఆయన పక్షం, ఎదుటి పక్షం అటుంచండి. దరఖాస్తు తీసుకున్న రోజునే కూర్చుని పాస్‌పోర్టు ముద్రల ప్రకారం రోజులు కూడి ఉంటే ఇంత దూరం వచ్చేదా అనిపిస్తుంది నాకు.

ఒంటితో ఉండటం అంటే

మల్డూన్ గారి మాటల్లో నాకు మొదట్లో పెద్దరికం ధ్వనించింది. వీధి చివరి కొట్టుకు వెళ్తే మనిషి మారిపోతాడా? మన తెలుగువాళ్ళం తెలుగువాళ్ళ మధ్యే ఉండి, మన కిరాణా కొట్లలోనే కొనుక్కుని, శనివారం మన గుడికే వెళ్ళి 1095 రోజులు ఇట్టే గడిపేయొచ్చు. మరి అలా గడిపిన రోజులకు విలువేమిటి?

ఈ సందేహానికి నా దగ్గర పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఒక సంగతి ఉంది. 2020 ఆగస్టులో తిరిగొచ్చాక పధ్నాలుగు రోజులు ఇంటి నుంచి కదలకూడదు. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే గడప మీద ఐస్‌క్రీం డబ్బా నిండా టమాటాలు. ఇంకా మట్టి ఆరలేదు, తొడిమలు పచ్చగా ఉన్నాయి. మా వీధి చివర ఉండే పోర్చుగీసు పెద్దావిడ పెరట్లోవి. రోడ్డుకు అవతలి వైపు నిలబడి, తన చేతిని నోటికి ఆనించి, మళ్ళీ గుండెకు ఆనించి చూపించి, "పపా?" అంది. నాన్న ఎలా ఉన్నారని. ఆవిడకూ నాకూ మధ్య ఉన్న ఇంగ్లీషంతా కలిపితే యాభై మాటలు ఉండవు. అయినా మా నాన్నకు మాట పడిపోయిందని ఆవిడకు తెలుసు. మా ఆయన ఒక్కరే పాపతో తంటాలు పడుతున్నారని తెలుసు. మొదటి చలికాలం నేను మంచు పార ఎలా పట్టుకోవాలో తెలియక అవస్థ పడుతుంటే వచ్చి నేర్పింది కూడా ఆవిడే.

నాకు ఇక్కడ ఇల్లు ఉండి, బ్యాంకులో డబ్బుండి, పన్నులు కట్టి, నేను మాత్రం వేరే దేశంలో ఉంటే ఆవిడకు నేనెవరో తెలిసేదా? ఉన్న రోజులు మనం అడగకుండానే మన మీద పనిచేస్తాయి. మన కులాసా వాళ్ళకు, వాళ్ళ కులాసా మనకు తెలుస్తుంది. రోజులు లెక్కపెట్టడం మొరటు కొలతే. కానీ కొలిచేది అసలైనదాన్నే అని నాకు నమ్మకం కుదిరింది.

ట్రక్కు ఆయన

ఇంతవరకూ రాసి ఆపేస్తే నా వాదన నాకే అనుకూలంగా ఉంటుంది. మా వెనక వీధి పంజాబీ ఆయన గురించి చెప్పకపోతే అన్యాయం. ఆయన లాంగ్ హాల్ ట్రక్కు నడుపుతారు. సోమవారం సరిహద్దు దాటి టెక్సాస్ దాకా వెళ్ళి శనివారం తిరిగొస్తారు. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు ఇక్కడున్నట్టే లెక్క. మధ్యలో మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు పోతాయి. ఏడాదికి నలభై ఎనిమిది వారాలు వేసుకోండి, 192 రోజులు. మిగిలేవి 173. అయిదేళ్ళకు 865.

ఇల్లు ఇక్కడే, పిల్లల బడి ఇక్కడే, జీతం ఇచ్చే కంపెనీ ఇక్కడిదే, పన్ను ఇక్కడే. పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదేళ్ళలో 730 రోజులు చాలు కాబట్టి ఆయన పీఆర్‌కు ఢోకా లేదు. కానీ ఆ పని మానేదాకా ఎన్నేళ్ళు గడిచినా 1095 నిండవు. ముందు రోజులు చేరుతుంటే వెనక రోజులు అయిదేళ్ళ గడప దాటి జారిపోతుంటాయి. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. చివరికి ఆయన మైలేజీ డబ్బు వదులుకుని, పిల్లల కోసం అంటూ ఒంటారియోలోనే తిరిగే లోకల్ రూట్లకు మారారు. ఆయన ముందు నిలబడి "అంకె అందరికీ ఒకటే కదా" అనడానికి నాకు నోరు రాదు.

అయితే దీనికి మందు కూడా అంకెలోనే ఉందంటాను. కెనడా కంపెనీకి పనిచేసిన రోజులను కలపండి అంటే మళ్ళీ మొదటికొస్తాం. ఏది కెనడా కంపెనీ, ఏది పేరుకు పెట్టిన కంపెనీ, ఎవరు నిజంగా ట్రక్కులో ఉన్నారు అని తవ్వకాలు మొదలవుతాయి. అలా కాకుండా 1095 అలాగే ఉంచి, అయిదేళ్ళను ఏడేళ్ళు చేస్తే? ఏడాదికి 173 చొప్పున ఆయనకు ఆరున్నరేళ్ళలోపే నిండిపోతాయి. అమ్మానాన్నల కోసం ఏడాదిన్నర ఊళ్ళో ఉండిపోవాల్సి వచ్చినవాళ్ళకూ ఊపిరాడుతుంది. ఎవరినీ ఏ కారణమూ అడగక్కర్లేదు. దేశం కోరే రోజుల్లో ఒక్కటి కూడా తగ్గదు. నిజంగా దారి మూసుకుపోయినవాళ్ళ కోసం చట్టంలో ఇప్పటికే ఒక కిటికీ ఉంది. అసాధారణ కష్టం ఉందని తేలితే ప్రత్యేకంగా పౌరసత్వం ఇచ్చే అధికారం మంత్రికి ఉంది. అది అరుదుగా తెరిచే కిటికీగానే ఉండాలి.

లెక్క ఏ రోజున మొదలవ్వాలి

నాకు అసలైన అన్యాయం కనిపించేది ఇంకో చోట. మేం 2009 నుంచి 2018 దాకా అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నాం. తొమ్మిదేళ్ళు. పన్నులు కట్టాం, పాప అక్కడే పుట్టింది. ఆ దేశం అయిదేళ్ళలో ముప్ఫై నెలలు ఉంటే చాలంటుంది. అంకె కెనడా కంటే మెత్తనిది. కానీ లెక్క గ్రీన్ కార్డు వచ్చిన రోజు నుంచే. ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ ఎంత పొడుగో ఇక్కడ చదివేవాళ్ళకు నేను చెప్పాల్సిన పనిలేదు. మా తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా ఏ లెక్కలోకీ రాలేదు. ఒంటితో అక్కడే ఉన్నాం, వాళ్ళ కాగితాల ప్రకారం మాత్రం లేము. పైగా గ్రీన్ కార్డు వచ్చాక కూడా ఒకేసారి ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందేమోనని అనుమానిస్తారు. తెగలేదని మనమే నిరూపించుకోవాలి. నా 165 రోజులు ఇంకో ఇరవై పెరిగి, నేను అమెరికా గ్రీన్ కార్డు మీద ఉండి ఉంటే, నాన్న మంచం పక్కన కూర్చున్న సంగతి ఒక అధికారికి వివరించాల్సి వచ్చేది.

ఈ విషయంలో కెనడా నయం. స్టూడెంటుగానో వర్క్ పర్మిట్ మీదో పీఆర్‌కు ముందు ఉన్న ప్రతి రోజుకూ సగం రోజు ఇస్తుంది, మొత్తం 365 దాకా. 2015లో అదీ తీసేశారు, 2017లో తిరిగి ఇచ్చారు. కానీ సగమెందుకు? స్టూడెంటు ఎత్తిన మంచు సగం బరువు ఉంటుందా? ఫిబ్రవరిలో బస్టాపులో నిలబడ్డ పిల్లవాడికి చలి సగమే వేస్తుందా? ఒంటితో ఉండటమే కొలత అయితే ఆ ఒళ్ళు ఏ వీసా మీద ఉందో చూడకూడదు. కొలతకు తాను చెప్పిన మాట మీద తాను నిలబడే నిజాయితీ ఉండాలని మాత్రమే అడుగుతున్నాను.

45 రోజులు

ఒక్క సంగతి మిగిలింది. దీన్ని రాయకుండా తప్పించుకుందామని రెండు రోజులు చూశాను.

34, 165, ఇంకొకటి. ఆ ఒకటి 2019 అక్టోబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో స్నేహితురాలి సీమంతానికి శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చిన ప్రయాణం. పూర్తిగా మర్చిపోయాను. ఫోన్‌లో ఫొటోలు వెతుకుతుంటే తన చేతికి నేను గాజులు తొడుగుతున్న ఫొటో కనపడి గుర్తొచ్చింది. మొత్తం 200 రోజులు. నాకు 1095 నిండేది 2021 డిసెంబరు 29కి.

నవంబరు 14న పెద్దమ్మ పోయింది. అమ్మకు అక్క. పక్క వీధిలో ఉండేది, పిల్లలు లేరు. నేను పదో తరగతి దాకా మధ్యాహ్నం అన్నం తిన్నది ఆవిడ వంటింట్లోనే. దసరాకు రమ్మని ఫోన్‌లో అడిగింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మళ్ళీ ఆగిపోయిన ఇండియా విమానాలు అప్పటికి మళ్ళీ మొదలయ్యాయి. "రెండు నెలలాగు పెద్దమ్మా, రోజులు నిండాక తీరిగ్గా వస్తాను" అన్నాను. కబురొచ్చాక కూడా వెళ్ళలేదు. ఇంకా 45 రోజులే అనుకున్నాను.

వెళ్తే ఏమయ్యేది? పన్నెండు రోజులు ఉండి వస్తే నా తేదీ డిసెంబరు 29 నుంచి జనవరి రెండో వారానికి జరిగేది. అంతే. గడువు తేదీ ఏదీ లేదు. ఆలస్యమైతే దరఖాస్తు తీసుకోబోమని ఎవరూ అనలేదు. చట్టం నన్ను వెళ్ళొద్దనలేదు, వెళ్ళినందుకు శిక్షా వేయదు. ఆ అంకెను గీతగా గీసుకుని దాటకుండా నిలబడింది నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒక సందేహం పీకుతూనే ఉంది. రోజూ కళ్ళముందు అంకె పెరుగుతూ కనిపిస్తుంటే మనిషి దానికి బందీ కాకుండా ఉంటాడా, ఆ పాపంలో చట్టానికి బొత్తిగా వాటా లేదా అని. ఉందేమో. కానీ నా వాటాను దాని మీదికి నెట్టడం నాకు చేతకావడం లేదు.

2022 ఫిబ్రవరిలో ఓ నెల రోజులు అదనంగా చూసుకుని దరఖాస్తు పంపాను. పంపిన మర్నాడే టికెట్ కొన్నాను. ఊళ్ళో అమ్మకు సాయంగా వంటింటి అలమర సర్దుతుంటే డబ్బాల కింద పరిచిన కాగితం వెంకట్రామా వారి క్యాలెండరు. 2020ది. అమ్మ పాల లెక్క ప్రతి గడిలో పెన్సిల్‌తో రాస్తుంది. ఫిబ్రవరి నిండా '½' లే. మార్చి 8 నుంచి '1'. నాకు పొద్దున్నే గ్లాసుడు పాలు తాగే అలవాటు, రాత్రి పెరుగు లేకపోతే ముద్ద దిగదు. ఆగస్టు 18 దాకా '1', 19 నుంచి మళ్ళీ '½'. నూనె మరకలు పడి కొన్ని గళ్ళు మసకబారాయి. నేల మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. 164.

కెనడా లెక్కలో 165, అమ్మ లెక్కలో 164. ఆ తేడా మార్చి 7ది. ఆ రోజంతా నేను విమానాల్లోనూ, విమానాశ్రయాల్లోనూ, రాజమండ్రి నుంచి వచ్చే కారులోనూ ఉన్నాను. 2023లో వీడియోలో ప్రమాణం చేసి, వాళ్ళు చెప్పినట్టు కెమెరా ముందు పీఆర్ కార్డును కత్తెరతో కత్తిరిస్తున్నప్పుడు కూడా ఆ పెన్సిల్ అంకెలే కళ్ళల్లో మెదిలాయి.

ఖమ్మం కుర్రాడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. టికెట్ తీసుకున్నాడట. బోర్డింగ్ పాసులు పారేయొద్దని, వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ ఒక నోట్‌బుక్‌లో ఎప్పటికప్పుడు రాసుకోమని చెప్పాను. అమెరికా వైపు ఒక్క రాత్రి ఉన్నా అదీ రాయమన్నాను. బయల్దేరే రోజు, తిరిగి దిగే రోజు ఇక్కడి లెక్కలోనే పడతాయన్నాను.

"అంటే వెళ్ళేది మూడో తారీఖు కదక్కా, నాలుగు నుంచే పోతాయన్నమాట" అన్నాడు.

"నాలుగు నుంచే. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదేనా?"

"అదే తీసుకున్నానక్కా. నూట పది డాలర్లు ఎక్కువైంది."